సంఘంలో అయిదుగురే మిగిలారా? పనిని వంతులుగా పంచండి

చెరువు పూడిపోతోందనో, గెడ్డలో ఇసుక తోడేస్తున్నారనో, బీల నేల చేజారిపోతోందనో ఊళ్లో నలుగురు కలిసి ఒక పర్యావరణ సంఘం పెట్టుకుంటారు. మొదటి సమావేశానికి రామమందిరం అరుగు నిండిపోతుంది. మూడో నెలకు పదిమంది వస్తారు. ఏడాది తిరిగేసరికి అధ్యక్షుడు, కార్యదర్శి, ఇద్దరు కుర్రాళ్లు, ఒక రిటైరయిన మాస్టారు మిగులుతారు. ఊళ్లో ఎవరినడిగినా "మంచి పనేనండి" అంటారు. పలుగు పట్టేది మాత్రం ఆ అయిదుగురే. రెండో ఏడు వాళ్లకీ విసుగొస్తుంది. సంఘం బోర్డు మిగులుతుంది, పని ఆగిపోతుంది.

దీనివల్ల ముందుగా నష్టపోయేది చిన్న, సన్నకారు రైతే. చెరువు పూడితే మొదట ఎండేది చివరి మడి. స్తోమత ఉన్న రైతు బోరు లోతు చేసుకుంటాడు. ఎకరా, అరెకరా ఉన్నవాడికి ఆ చెరువే బోరు, ఆ చెరువే బ్యాంకు. కాబట్టి సంఘానికి మనుషుల్ని కూడగట్టడం కూడా సాగులో ఒక పనే అనుకోవాలి. విత్తనం, ఎరువు లాగానే దీనికీ ఒక పద్ధతి ఉంది.

సోంపేట బీల చెప్పే పాఠం

శ్రీకాకుళం జిల్లా సోంపేట, కవిటి, కంచిలి మండలాల మధ్య బీల ఉంది. వానాకాలంలో పై నుంచి దిగిన నీరు అక్కడ నిలుస్తుంది. ఆ నీటి మీద వరి మళ్లు, చేపల వేట, పశువుల మేత ఆధారపడి ఉన్నాయి. ప్రభుత్వ కాగితాల్లో మాత్రం అది పనికిరాని భూమి. 2008లో అందులో సుమారు 970 ఎకరాలను నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ తలపెట్టిన బొగ్గు థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేటాయించారు.

రైతులు, మత్స్యకారులు ఎదురు తిరిగారు. సోంపేటలో పర్యావరణ పరిరక్షణ సంఘం ముందు నిలిచింది. స్థానిక వైద్యుడు డాక్టర్ వై.కృష్ణమూర్తి దాన్ని నడిపారు. విశ్రాంత ఐఏఎస్ అధికారి ఇ.ఎ.ఎస్.శర్మ వారికి తోడు నిలిచారు. 2009 డిసెంబరులో రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. 2010 జులై 14న పోలీసు కాల్పులు జరిగి ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. థర్మల్ కేంద్రం అక్కడికి రాలేదు. దీక్షలు మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి సాగాయి.

ఇందులో మనం నేర్చుకోవలసింది రిలే పద్ధతి. ఆమరణ దీక్షకు ఒక్క మనిషి చాలు. అతడు పడిపోతే దీక్ష ముగిసినట్టే. రిలే దీక్షలో ఈ రోజు కూర్చున్నవాడు రేపు పొలానికి పోతాడు, అతడి చోట ఇంకొకరు కూర్చుంటారు. ఏ ఒక్కరి వ్యవసాయమూ పాడవదు, శిబిరమూ ఖాళీ అవదు. ఒక్కొక్కరి మీద పడే బరువు కొద్దిదే కాబట్టి ఏళ్లు గడిచినా మోయగలిగారు. మీ ఊరి చెరువుకు అంత పెద్ద పోరాటం అవసరం రాకపోవచ్చు. కానీ పని పంచే పద్ధతి అదే.

నీరు కట్టే వంతు మన రైతులకు కొత్తేమీ కాదు. పై మడి వాడికి ఇన్ని గంటలు, కింది మడి వాడికి ఇన్ని గంటలు అని పెద్దలు లెక్క కట్టారు. కాపలాకు, మరమ్మతుకు కూడా అదే లెక్క వేసుకోవాలి.

ఎందుకు రావడం లేదు?

జనానికి బాధ్యత లేదని తిట్టుకుంటే లాభం లేదు. రాకపోవడానికి మామూలుగా నాలుగు కారణాలుంటాయి.

ఒకటి, పని ఏమిటో తెలియదు. "పర్యావరణాన్ని కాపాడదాం, రండి" అంటే దేనికి రావాలో ఎవరికీ అర్థం కాదు.

రెండు, ఒకసారి వస్తే ఇక వదలరేమోనన్న భయం. రెండు గంటల పనికి వచ్చినవాణ్ని కమిటీలో వేసి, చందా అడిగి, కలెక్టరాఫీసు చుట్టూ తిప్పితే మళ్లీ కనపడడు.

మూడు, ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. మైకులో చెప్పింది అందరికీ చెప్పినట్టే ఉంటుంది, ఎవరికీ చెప్పనట్టే ఉంటుంది.

నాలుగు, సంఘం ఎవరిదోనన్న అనుమానం. "అది ఫలానా పార్టీ వాళ్లది", "అది ఆ వీధి వాళ్లది" అన్న మాట ఒక్కసారి పడితే సగం ఊరు దూరమవుతుంది.

ఈ నాలుగింటికీ మందు ఉంది.

పర్యావరణం అనకండి, మదుము పేరు చెప్పండి

మీరు కాపాడదలచింది ఏ చెరువు, ఏ గట్టు, ఏ చెట్టు అన్నది పేరుతో చెప్పండి. "తూర్పు మదుము దగ్గర గుర్రపుడెక్క పేరుకుంది, నీరు దిగడం లేదు" అంటే ఆ మదుము కింద మడి ఉన్న ప్రతి రైతు చెవీ నిక్కుతుంది.

టెక్కలి మండలం తేలినీలాపురం సంగతి చూడండి. అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఏటా చింతచెట్ల మీద గూళ్లు పెడతాయి. ఊరి నడుమ రెట్టల వాసన భరించడం తేలిక కాదు. అయినా ఊరివాళ్లు వాటిని తరమరు, ఎవరినీ కొట్టనివ్వరు. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిలో వానలతోపాటు నత్తగుల్ల కొంగలు దిగుతాయి. వరి మళ్లలో నత్తల్ని ఏరి తింటాయి గనుక రైతుకు మేలే. ఈ రెండు ఊళ్లూ పిట్టలు వస్తే వానలు, పంటలు బాగుంటాయని నమ్ముతాయి. పుస్తకాల్లో పర్యావరణం చదివి కాదు, ఇది మన ఊరి పిట్ట అనుకుని కాపాడుతున్నారు. మీ ఊరికీ అలాంటిదొకటి తప్పక ఉంటుంది. ముందు దాన్ని పట్టుకోండి.

నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం పుట్టింది కూడా ఇలాగే. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు తమ ఇంటి బాధ గురించే మాట్లాడుకున్నారు. ఆ మాట వీధి దాటి, జిల్లా దాటి, 1993 అక్టోబరు 1 నాటికి రాష్ట్రంలో సారా నిషేధం దాకా వెళ్లింది.

పనిని ముక్కలు చేయండి

సంఘం చేయవలసినవన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కొక్క పనికీ ఎంతసేపు పడుతుంది, ఎంతమంది కావాలి, ఏ పనిముట్టు కావాలి అన్నది పక్కనే రాయండి. ఉదాహరణకు:

- మదుము, కాలువ మూతి దగ్గర చెత్త, గుర్రపుడెక్క తీయడం: వారానికి ఒకసారి, ఆరుగురు, రెండు గంటలు. పలుగులు, తాళ్లు, గంపలు.
- గట్టు మీద నడిచి ఎలుక బొరియలు, పగుళ్లు, నీరు ఊరే చోట్లు చూడడం: వానాకాలంలో రోజూ, ఇద్దరు, అరగంట.
- చెరువు నీటిమట్టం కొలకర్ర చూసి రాయడం: వారానికి ఒకసారి, ఒక్కరు, పది నిమిషాలు.
- తాటి టెంకలు ఏరి, గట్టు వెలుపలి అంచున నాటడం: పండ్లు రాలే రోజుల్లో, పిల్లలు, పెద్దలు కలిసి.
- నాటిన మొక్కకు వేసవిలో నీరు పోయడం: ఇంటికి రెండు మొక్కల చొప్పున.
- అర్జీలు రాయడం, మండలాఫీసుకు వెళ్లి రసీదు తేవడం: నెలకు ఒకసారి, చదువుకున్న కుర్రాళ్లు ఇద్దరు.
- పాత కాలువలు ఎటు పోయేవో చెప్పడం: ముసలివాళ్లు. ఈ పని ఇంకెవరూ చేయలేరు.

గుర్రపుడెక్క సంగతే తీసుకుంటే వంతు విలువ తెలుస్తుంది. అనుకూలమైన నీటిలో అది దాదాపు రెండు వారాల్లో రెట్టింపవుతుంది. ఏడాదికోసారి వందమంది దిగి ఫొటోలు తీయించుకుని వెళ్తే రెండు నెలల్లో చెరువు మళ్లీ పచ్చబడుతుంది. వారానికి ఆరుగురు తీస్తే అదుపులో ఉంటుంది. పూతకు ముందే తీయాలి. పూసి గింజ పడితే అది ఏళ్ల తరబడి బురదలో బతికి ఉంటుంది. తీసిన డెక్కను గట్టున రెండు మూడు రోజులు ఎండనిచ్చి, పేడ, మట్టి పొరలు వేసి కుప్ప పెడితే ఎరువవుతుంది. ఆ ఎరువును వంతుకు వచ్చినవారే పంచుకోవాలి. మురుగు కాలువలు గానీ, ఫ్యాక్టరీ నీరు గానీ కలిసే చెరువైతే ఆ డెక్కను ఎరువుకు వాడకండి.

ఎవరు అడగాలి, ఎలా అడగాలి?

అధ్యక్షుడు వెళ్లి అందర్నీ అడగడం కన్నా, ఎవరికి ఎవరు దగ్గరో చూసి వాళ్లని పంపడం మంచిది. బావ బావను అడగాలి. డ్వాక్రా గ్రూపులో మహిళ తన గ్రూపు వాళ్లనే అడగాలి. మత్స్యకారుల వీధికి మత్స్యకారుడే వెళ్లాలి.

అడిగే మాటలో రోజు, సమయం, పని, పనిముట్టు నాలుగూ ఉండాలి. "మీలాంటోళ్లు రావాలండి" అంటే "సూద్దాం లెండి" అన్న జవాబే వస్తుంది. "బావా, ఆదివారం పొద్దున్న ఆరింటికి తూర్పు మదుము కాడికి రాగలవా? ఎనిమిదింటికల్లా వదిలేస్తాం. పలుగు నేనే తెత్తాను" అనండి. వస్తానో రానో తేల్చి చెప్పడం ఎదుటివాడికి తేలికవుతుంది. రానంటే కోపం పెట్టుకోకండి. "మరి ఏ రోజు వీలవుద్ది?" అని మాత్రం అడగండి.

ఒక్కసారికే అడగండి. మనిషి ఒకసారి వచ్చి, పని పూర్తయి, చెప్పిన వేళకు ఇంటికి చేరితే రెండోసారి అడగడం సులువు. మూడోసారికి అతడే ఇంకొకర్ని వెంటబెట్టుకొస్తాడు. ప్రతి సభ్యుడూ మూడు నెలల్లో ఒక్క మనిషిని తెస్తే అయిదుగురు పదిమంది అవుతారు. అంతకన్నా తొందర అక్కరలేదు.

ఆడవాళ్ల సంగతి ప్రత్యేకంగా చూడాలి. ఇంట్లో నీటి కష్టం వాళ్లకు తెలిసినంతగా మగవాళ్లకు తెలియదు. కానీ సమావేశం రాత్రి ఎనిమిదింటికి పెడితే ఎలా వస్తారు? వంట వేళ కాకుండా మధ్యాహ్నం పూట, వాళ్ల వీధిలోనే పెట్టండి. కమిటీలో పేరు రాసి ఊరుకోకుండా తాళం, పుస్తకం, డబ్బు పెట్టె వంటివి వాళ్ల చేతికివ్వండి.

ఊరు విడిచి విశాఖపట్నం, హైదరాబాద్, చెన్నై పోయిన కుర్రాళ్లను మరిచిపోకండి. సంక్రాంతికి, అమ్మవారి సంబరానికి వాళ్లు ఊరికి వస్తారు. కనుమ మర్నాడు ఒక పూట పని పెట్టుకోండి. మిగతా ఏడాదంతా వాళ్లు అర్జీలు టైపు చేసి పంపగలరు, ఫోన్లు చేయగలరు.

పంట చూసి పిలవండి

ఉభాల్లో పిలిస్తే ఎవరొస్తారు? మన వైపు సాగు పనులను బట్టి పిలుపు ఉండాలి.

జూన్ నుంచి ఆగస్టు మొదటి వారాల దాకా దుక్కి, ఆకుమడి, ఉభాలు. ఈ రోజుల్లో గట్టు కాపలా తప్ప వేరే పని పెట్టవద్దు. అది కూడా అరగంట వంతే.

ఉభాలు ముగిశాక ఆగస్టు చివర, సెప్టెంబరులో కొంచెం ఊపిరి దొరుకుతుంది. టెంకలు, మొక్కలు నాటడానికి అదను.

అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులోనే మన తీరాన్ని కొట్టాయి. పడిన చెట్లు తొలగించడం, కాలువ మూతులు తెరవడం వంటి పనులకు ఎవరు ముందు కదలాలో సెప్టెంబరులోనే రాసిపెట్టుకోండి.

నవంబరు, డిసెంబరు కోతలు, నూర్పులు. ఎవరినీ పిలవవద్దు.

సంక్రాంతి తర్వాత ఫిబ్రవరి దాకా కొత్తవారిని చేర్చుకోవడానికి మంచి రోజులు. మార్చి నుంచి ఉద్దానం వైపు జీడి పనులుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో నీరు తగ్గిన చెరువులో పూడిక పని చేసుకోవచ్చు. పొద్దున్న ఎనిమిదిన్నరకల్లా ముగించాలి, ఎండలో ఉంచకూడదు.

తీరం ఊళ్లకు ఇంకొక అదను ఉంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో తాబేలు వంద దాకా పెడుతుంది. అవి పొదగడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. ఆ గుడ్లను కుక్కలు, నక్కలు తవ్వకుండా చూడడానికి రాత్రి కాపలా కావాలి. అటవీశాఖకు చెప్పి వాళ్లతో కలిసే చేయాలి. గుడ్లను సొంతంగా తీయకూడదు.

కూలి మనిషి కడుపు కొట్టకండి

సేవ అన్న పేరుతో రోజు కూలి మీద బతికేవాడి పూట పోగొట్టకూడదు. రెండు గంటలు దాటే పనికి, ఒళ్లు వంచే పూడిక పనికి కూలి ఇవ్వాల్సిందే. పంచాయతీ నుంచో, ఆయకట్టు రైతుల నుంచో ఆ సొమ్ము సమకూర్చుకోండి. ఎకరాలున్నవాళ్లు గట్టున నిలబడి చూస్తుంటే, భూమి లేనివాళ్లు బురదలో దిగే సంఘం ఎక్కువ కాలం నిలవదు.

కెన్యా దేశంలో వంగారి మాతాయి 1977లో గ్రీన్ బెల్ట్ ఉద్యమం మొదలుపెట్టారు. పల్లె ఆడవాళ్లు నర్సరీలు పెంచి మొక్కలు నాటారు. నాటిన మొక్క బతికితేనే దానికి ఇంత అని చిన్న మొత్తం ఇచ్చేవారు. నాటినదాన్ని కాక బతికినదాన్ని లెక్కపెట్టడం వల్ల నీరు పోసే శ్రద్ధ పెరిగింది. 2004లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. మన సంఘాలు కూడా ఎన్ని నాటామన్నది కాక, వచ్చే వానాకాలానికి ఎన్ని మిగిలాయన్నది బోర్డు మీద రాయాలి.

లెక్క, మర్యాద, జాగ్రత్త

డబ్బు పది రూపాయలైనా లెక్క గోడ మీద ఉండాలి. నెలకొకసారి చదవడం రాని వాళ్లకు చదివి వినిపించాలి. వచ్చినవారి పేర్లు పుస్తకంలో రాసి, ఎవరు ఎన్ని వంతులు చేశారో ఏడాది చివర గ్రామసభలో చదవాలి. దండలు, శాలువలు అక్కరలేదు. పేరు చదివితే చాలు.

ఎన్నికల రోజుల్లో సంఘం వేదిక మీదికి ఏ పార్టీ వాళ్లనూ ఎక్కించకండి. మిగతా రోజుల్లో అందరి దగ్గరికీ వెళ్లండి. చెరువులో చేపల పాట పాడుకున్నవారితో ముందే కూర్చుని మాట్లాడండి. వాళ్లకు తెలియకుండా నీరు వదలడం, డెక్క తీయడం చేస్తే తగువే మిగులుతుంది.

ఇసుక లారీలకు, ఆక్రమణదారులకు ఎదురుగా కొత్తగా చేరిన కుర్రాణ్ని ఒంటరిగా పంపవద్దు. తేదీ, సమయం, చోటు రాసుకుని రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోవాలి. సోంపేటలో ప్రాణాలు పోయాయన్నది మరువకూడదు. పోరాటంలో ప్రమాదం ఉంటే ఉందని ముందే చెప్పాలి. దాచిపెట్టి మనిషిని తెచ్చుకోవడం తప్పు. చెరువు పనికి చీకట్లో దిగవద్దు, పాముల భయం ఉంటుంది. పిల్లల్ని నీటిలోకి దించవద్దు.

చట్టం అండ

ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద ఏడుగురు సభ్యులుంటే సంఘాన్ని రిజిస్టరు చేయించుకోవచ్చు. చెట్లు, భూగర్భ జలం, ఇసుక విషయాల్లో 2002 నాటి వాల్టా చట్టం ఉంది. జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. మీ పంచాయతీలో అది ఉందా, అందులో ఎవరున్నారు అని కార్యదర్శిని అడగండి. అది కాగితం మీదే ఉంటే, మీ సంఘంలో పనిచేసే ఆడవాళ్లను, మత్స్యకారులను, రైతులను అందులోకి తీసుకోవాలని గ్రామసభలో కోరండి. పని చేసిన మనుషులు, వంతుల పుస్తకం మీ చేతిలో ఉంటే ఆ కోరికకు బలం వస్తుంది.

పార్వతీపురం మన్యం 2022లో వేరే జిల్లా అయింది. అయినా నాగావళి నీరు అటునుంచే కదా శ్రీకాకుళానికి దిగేది. పై ఊరి సంఘం, కింది ఊరి సంఘం ఏడాదికి ఒక్కసారైనా కలిసి కూర్చోవాలి. పై వాళ్లు కాలువ మూస్తే కింది వాళ్లు ఎన్ని వంతులు వేసినా లాభం ఉండదు.

ఈ వారం చేయవలసింది

సంఘంలో మిగిలిన అయిదుగురూ ఒక సాయంత్రం కూర్చోండి. రెండు గంటల్లో పూర్తయ్యే పని ఒక్కటి ఎంచుకోండి. రోజు, వేళ ఖాయం చేయండి. ఒక్కొక్కరూ ఇద్దరేసి పేర్లు రాసుకుని ఇళ్లకు వెళ్లి అడగండి. పదిమందిని అడిగితే నలుగురు రావచ్చు. ఆ నలుగురినీ చెప్పిన వేళకు వదిలిపెట్టండి. వెళ్లేముందు వాళ్ల చేతే పుస్తకంలో పేర్లు రాయించి, మళ్లీ వంతు ఎప్పుడు వీలవుతుందో వాళ్లనే చెప్పమనండి.